పక్కింటావిడ చేతిలో పెట్టిన నాణెం

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 61 ఏళ్లు, టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి, కోడలు చైనాలో సుజౌ అనే ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్నారు. రెండు నెలలు ఉందామని వచ్చాను, మూడు వారాలైంది. పొద్దున ఎనిమిదింటికి వాళ్లిద్దరూ వెళ్తే మళ్లీ రాత్రికే రావడం. పక్క ఫ్లాట్‌లో నా ఈడు ఆవిడ ఉంటుంది. మొదటి వారంలోనే వాళ్లింటికి భోజనానికి పిలిచింది. మాంసం తిననని మా కోడలు ముందే చెప్పింది. అయినా బీన్స్ కూరలో కీమా వచ్చింది. గిన్నె ఖాళీ చేసినకొద్దీ వడ్డిస్తూనే ఉన్నారు. మధ్యలో నేను తినడానికిచ్చిన పుల్లలు (చాప్‌స్టిక్స్) అన్నంలో గుచ్చి చెయ్యి తుడుచుకుంటుంటే, వాళ్లమ్మాయి గబుక్కున లాగి పక్కన పెట్టింది. మనసు చివుక్కుమంది. అయినా మర్యాదకని, ఇండియా నుంచి తెచ్చిన ఏటికొప్పాక లక్క పని గోడ గడియారం తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ మొహం మారిపోయింది. లోపలికెళ్లి ఒక యువాన్ నాణెం తెచ్చి నా చేతిలో పెట్టింది. పనిమనిషికి కూలిచ్చినట్టు! ఇంటికొచ్చి ఏడ్చేశాను. టీకి రమ్మంటే "ఇంకోరోజు" అంటుంది. సందులో ఆడవాళ్లు నా చీర పట్టుకుని లాగి చూస్తారు. మంచినీళ్లడిగితే వేడినీళ్లిస్తారు. కూరల కొట్టువాడు ఫోన్ చెయ్యమన్నట్టు చెయ్యి చూపిస్తాడు, కిలో టమాటాలడిగితే అరకిలోనే ఇస్తాడు. టికెట్ మార్చుకుని వెళ్లిపోదామా అనుకుంటున్నాను. పిల్లలకు చెప్తే బాధపడతారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అక్కయ్య గారూ, ముందు ఆ నాణెం సంగతి. మిగతావన్నీ తర్వాత, ఎందుకంటే మిమ్మల్ని ఏడిపించింది అదే.

చైనా భాషలో గడియారాన్ని "జోంగ్" అంటారు. గడియారం కానుకగా ఇవ్వడాన్ని "సోంగ్ జోంగ్" అంటారు. చనిపోతున్నవాళ్ల దగ్గర ఆఖరి ఘడియలో ఉండి సాగనంపడాన్ని కూడా సరిగ్గా "సోంగ్ జోంగ్" అనే అంటారు. రాసే అక్షరం వేరు, పలికేది ఒకటే. అందుకే అక్కడ పెద్దవయసు వాళ్లకు గడియారం ఎవరూ ఇవ్వరు. మీరు ఎంతో ప్రేమగా తీసుకెళ్లింది ఆవిడ చెవిలో "నీ ఆఖరి ఘడియ" అన్నట్టు పడింది. మొహం మారింది అందుకే.

తర్వాత ఆవిడ చేసిన పని చూడండి. గడియారం వెనక్కి ఇచ్చెయ్యలేదు. "ఇదేంటి, ఇలాంటివి ఇస్తారా" అని మిమ్మల్ని చిన్నబుచ్చలేదు. లోపలికెళ్లి నాణెం తెచ్చింది. చైనాలో ఇలాంటి వస్తువు ఎవరైనా తెలియక ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు ఒక చిన్న నాణెం తిరిగిస్తారు. అప్పుడది కానుక కాదు, డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువు అవుతుంది. కీడు ఇద్దరికీ అంటదు, స్నేహం నిలుస్తుంది. ఆవిడ మీకు కూలి ఇవ్వలేదు అక్కయ్యా, మీ గడియారాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి దారి వెతుక్కుంది.

మన ఇళ్లలో ఉప్పు చేతికి అందిస్తామా? గిన్నె కింద పెట్టి, ఎదుటివాళ్లని తీసుకోమంటాం. నువ్వుల సంగతీ అంతే. తెలియనివాళ్లు చూస్తే, చేతికివ్వకుండా నేలమీద పెట్టింది, ఎంత పొగరో అనుకోరూ? ఆ నాణెం కూడా అలాంటిదే.

నేను హాంగ్‌జౌలో ఆరేళ్లున్నాను, మీరున్న సుజౌకి దగ్గరే. మొదటి సంవత్సరం ఒక స్నేహితురాలింట్లో బేరిపళ్లు కోసి అందరికీ ముక్కలు పంచబోయాను. ఆమె ముక్క తీసుకోలేదు. బుట్టలోంచి ఇంకో పండు తీసుకుని మొత్తం తనే తినేసింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. నా చేత్తో కోసింది తినకూడదా అని రెండు రోజులు మనసులో పెట్టుకున్నాను. తర్వాత తెలిసింది, బేరిపండు పంచుకోవడం అన్నా, విడిపోవడం అన్నా వాళ్ల నోట ఒకే మాట, "ఫెన్ లీ". నాతో విడిపోవడం ఇష్టంలేక ఆమె ముక్క తినలేదు. ఆ రెండు రోజులు నేను ఆమెతో ముభావంగా ఉన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. మీరు అలా రోజులు పోగొట్టుకోకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇలాంటి మాట పోలికలు అక్కడ అడుగడుగునా ఉంటాయి. నాలుగును పలికే మాట, చావును పలికే మాట దాదాపు ఒకటే, రాగమే తేడా. అందుకే చాలా బిల్డింగుల లిఫ్టుల్లో మూడు పక్కన ఐదు ఉంటుంది, నాలుగు కనిపించదు. ఎనిమిదిని పలికితే కలిసిరావడం అనే మాట గుర్తొస్తుంది. బీజింగ్ ఒలింపిక్స్‌ను 2008 ఆగస్టు 8న రాత్రి 8 గంటలకు మొదలుపెట్టారంటే ఆ అంకె మీద వాళ్లకెంత మక్కువో చూడండి. నూట పదహార్లు చదివించే మనకు ఇది వింతగా ఉండాల్సిన పనిలేదు.

ఇక ఆ భోజనం. పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చితే, పోయినవాళ్ల ముందు అన్నం గిన్నెలో అగరుబత్తులు గుచ్చినట్టు ఉంటుంది. భోజనానికి పిలిచిన చుట్టం ఎదురుగా అలా కనిపిస్తే ఆ అమ్మాయికి చెయ్యి ఆగలేదు. నోటితో చెప్పే భాష లేక చేత్తో చేసేసింది. మీ చెయ్యి పుల్లలకు అలవాటు పడేదాకా "షావ్ జి" అనండి, చెంచా ఇస్తారు. పుల్లలు వాడినప్పుడు గిన్నె అంచు మీదో, పక్కన పెట్టే చిన్న దిమ్మ మీదో అడ్డంగా పడుకోబెట్టండి. గిన్నె మీద టకటకా కొట్టకండి. అది బిచ్చమెత్తేవాళ్లు చేసే చప్పుడని వాళ్ల పెద్దలు చెప్తారు.

గిన్నె ఖాళీ చేస్తే వడ్డిస్తూనే ఉన్నారన్నారు. మన కోనసీమలో ఆకు ఖాళీగా కనిపిస్తే ఊరుకుంటారా అక్కయ్యా? "అయ్యో, ఏమీ వేసుకోలేదే" అని మీద పడరూ? మనం ఆకు మీద చెయ్యి అడ్డుపెట్టి తప్పించుకుంటాం. అక్కడ గిన్నెలో కాస్త ఉంచేస్తే అర్థమవుతుంది. అడుగు కనిపిస్తే ఇంకా ఆకలిగా ఉందనుకుంటారు. పారేస్తారేమో అని బెంగ వద్దు, మిగిలింది ఇంటికి కట్టించుకోవడం అక్కడ మామూలే. హోటల్లో అయితే "దా బావ్" అంటే డబ్బాల్లో కట్టి ఇస్తారు. 2021 ఏప్రిల్‌లో ఆహారం వృథా చెయ్యకూడదని చట్టం కూడా చేశారు.

కీమా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. అరవై ఏళ్లుగా ముట్టనిది నోట్లో పడితే ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కానీ వాళ్లు మోసం చెయ్యలేదు. "రోవ్" అంటే మాంసం, విడిగా అంటే ఎక్కువసార్లు పంది మాంసం. మీ కోడలు "మాంసం తినదు" అని చెప్పి ఉంటే, వాళ్లు మాంసం కూర వండలేదు, బీన్స్ వండారు. అందులో రుచికి వేసిన గుప్పెడు కీమా వాళ్ల లెక్కలో మాంసం కూర కిందికి రాదు, మనం తాలింపులో ఇంగువ వేసినట్టు. కాబట్టి "మాంసం వద్దు" అని చెప్పొద్దు. "వో ఛి సు" అని చెప్పండి. "సు" అంటే శాకాహారం, గుడిలో తినే తిండి. ఆ మాట వింటే వాళ్ల మనసులో బౌద్ధ సన్యాసులు మెదులుతారు. చాంద్రమాన నెలలో 1వ రోజు, 15వ రోజు మాంసం మానేసే బౌద్ధ భక్తులు అక్కడా ఉన్నారు, మన కార్తీక సోమవారాల్లాగే. అబ్బాయి చేత ఒక అట్టముక్క మీద వాళ్ల లిపిలో ఇలా రాయించుకోండి: "నేను శాకాహారిని. మాంసం, కీమా, చేపలు, రొయ్యలు, పంది కొవ్వు, కోడి పొడి, ఆయిస్టర్ సాస్ ఏవీ వద్దు." గుడ్డు తినకపోతే అదీ రాయించండి. ఆ కోడి పొడి చాలామంది వంటింట్లో ఉప్పులా పక్కనే ఉంటుంది, అడగకపోతే వేసేస్తారు.

పేర్లు చూసి మోసపోకండి. "యూ షియాంగ్" అనే వంకాయ కూర పేరుకు అర్థం చేప వాసన. అందులో చేప ఉండదు, కానీ కీమా తరచుగా ఉంటుంది. బంగాళాదుంప, వంకాయ, క్యాప్సికమ్ కలిపి చేసే "దీ సాన్ షియెన్" మీకు నచ్చుతుంది. సన్నగా తరిగిన బంగాళాదుంప వేపుడు "తుదోవ్ సి" దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. సుజౌ వంట కాస్త తీపి, మన నాలుకకు చప్పగా ఉంటుంది. ఆవకాయ సీసా ఉంటే బల్ల మీద పెట్టుకోవడానికి మొహమాటపడకండి. ఒక ఆదివారం పిల్లలతో శీయువాన్ గుడికి వెళ్లండి. అక్కడ పెట్టే శాకాహారపు నూడుల్స్‌కి మంచి పేరు. చైనా బౌద్ధ గుళ్ల వంటల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు కాబట్టి ఏ బెంగా లేకుండా తినొచ్చు.

టీకి రమ్మంటే "ఇంకోరోజు" అందన్నారు కదా. మనం "చూద్దాం లెండి" అనమూ? మొహం మీద కాదనడం వాళ్లకు చేతకాదు, మనకూ చేతకాదు. ఒక్కసారి పిలిస్తే మర్యాదకు పిలిచారేమో అని ఆగుతారు. రెండోసారి, మూడోసారి పిలిస్తే నిజంగానే పిలుస్తున్నారని నమ్ముతారు. కానుక తీసుకోవడమూ అంతే, వద్దు వద్దు అని రెండు మూడుసార్లు తోస్తారు. మీ ముందు విప్పి చూడరు. విప్పలేదని నచ్చలేదనుకోకండి.

ఇంగ్లీషువాళ్లు రాసిన గైడు పుస్తకాలు చదివి వెళ్లినవాళ్లకు చైనా అంతా వింతగా ఉంటుంది. అక్కడ వయసు అడుగుతారు, జీతం అడుగుతారు, తోసుకుంటూ నిలబడతారు, సాయానికి థాంక్స్ చెప్పరు అని ఆ పుస్తకాలు హెచ్చరిస్తాయి. మనం మన ఇంట్లోంచి నేరుగా చూస్తే ఇందులో చాలావరకు మనదే. వాళ్లూ ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. గుమ్మంలో చెప్పులు విప్పుతారు. పలకరించాలంటే పాతకాలం వాళ్లు "ఛి లె మా" అంటారు, అంటే "తిన్నారా?" అని. దానికి మెనూ చెప్పక్కర్లేదు, తిన్నానంటే చాలు. బాగా దగ్గరివాళ్లకు మాటిమాటికీ థాంక్స్ చెప్తే పరాయిదాన్ని చేసినట్టు చిన్నబుచ్చుకుంటారు. మీరు కాఫీ ఇచ్చిన కోడలికి రోజూ ధన్యవాదాలు చెప్తారా?

వరసల సంగతి చెప్తే మీకు ముచ్చటేస్తుంది. ఇంగ్లీషులో అందరూ అంకుల్, ఆంటీ. చైనాలో నాన్న అన్న వేరు, నాన్న తమ్ముడు వేరు, అమ్మ తోడబుట్టినవాడు వేరు. మన పెదనాన్న, బాబాయి, మేనమామ లాగా ఒక్కొక్కరికీ విడిగా పిలుపుంది. అక్కకో మాట, చెల్లికో మాట. పరాయివాళ్లను కూడా వరస పెట్టే పిలుస్తారు. మీ పక్కింటావిడ మీకంటే ఒకటి రెండేళ్లు పెద్దదైతే "దా జియె" అనండి, అంటే పెద్దక్క. వాళ్ల మనవలు మిమ్మల్ని "నాయ్ నాయ్" అంటారు, అది నాన్నమ్మ. ఆవిడ మీ వయసు అడిగితే కోప్పడకండి, ఏ వరసలో పిలవాలో తేల్చుకోవడానికి కూడా అడుగుతారు.

చీర పట్టుకు చూసినవాళ్ల మీద మీకు కోపం పోవాలంటే మీరున్న ఊరేమిటో తెలియాలి. సుజౌ పట్టు ఊరు. అక్కడి కుట్టుపని చైనా అంతటా పేరున్నది. రెండువైపులా ఒకేలా కనిపించే కుట్టు వాళ్ల ప్రత్యేకత. పడుగు మీద బొమ్మ ఉన్నంతమేరే రంగు పేకలు తిప్పి నేసే "క స" అనే పట్టు నేత కూడా ఆ చుట్టుపక్కలదే, అదీ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మీరు కట్టుకు వెళ్లినవి ఉప్పాడ చీరలై ఉంటాయి, కాకినాడ వాళ్లు కదా. ఉప్పాడ జాందానీ గొప్పతనమూ అదే, ఎటు తిప్పినా ఒకటే బుటా. మీ చీర లాగి చూసినవాళ్లు వెతికింది అదే అయ్యుంటుంది. ఈసారి మీరే చెంగు తిప్పి చూపించండి. పెద్ద పగోడా ఎదురుగా పట్టు మ్యూజియం ఉంది, అక్కడ మగ్గాలు చూస్తే మీకు మన ఊళ్లో నిలబడ్డట్టే ఉంటుంది.

వేడినీళ్లు మర్యాద కోసం ఇచ్చేవి. చల్లనివి కడుపుకు మంచివి కావని వాళ్ల వైద్యం నమ్మకం. 1950ల నుంచీ రోగాలు రాకుండా నీళ్లు కాచి తాగమని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది. కుళాయి నీళ్లు ఇప్పటికీ కాచకుండా తాగరు. రైళ్లలో, స్టేషన్లలో కూడా మరిగే నీళ్ల కుళాయిలు ఉంటాయి. బాలింతకు మనం చన్నీళ్లు ఇవ్వం కదా, అక్కడ కాన్పయిన నెల రోజులూ అలాగే చూస్తారు, మామూలు రోజుల్లో కూడా ఆ జాగ్రత్త పోనివ్వరు. మీకు చల్లగా కావాలంటే ఇంట్లో కాచి చల్లార్చిన సీసా వెంట తీసుకెళ్లండి.

కూరల కొట్టువాడూ మోసగాడు కాడు. బొటనవేలు, చిటికెన వేలు చాచి మిగతావి ముడిస్తే అక్కడ ఆరు అని లెక్క. మీకు ఫోన్‌లా కనిపించింది. బొటనవేలు, చూపుడువేలు చాచితే ఎనిమిది. పదిదాకా ఒంటిచేత్తోనే చూపిస్తారు, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. బజార్లో ధర "జిన్" మీద చెప్తారు. జిన్ అంటే అరకిలో. మీరు ఒక వేలు చూపించారు, అతను ఒక జిన్ తూచాడు. కిలో కావాలంటే రెండు వేళ్లు చూపించండి. ఇంకోమాట, సరే అన్నట్టు మనం తల అటూ ఇటూ ఊపుతాం చూడండి, అది వాళ్లకు "వద్దు"లా కనిపిస్తుంది. తల కిందికే ఆడించండి.

డబ్బు విషయంలో, మీ వీసా కార్డో మాస్టర్ కార్డో అలీపేలో కలపమని అబ్బాయికి చెప్పండి. 2023 నుంచి విదేశీ కార్డులు బాగానే పనిచేస్తున్నాయి, 200 యువాన్లలోపు కొంటే అదనపు రుసుము ఉండదు. ఇక్కడ ఫోన్‌పే వాడినట్టే. వాట్సాప్ ఇంటి వైఫైలో నడవదు, మన సిమ్ రోమింగ్‌లో ఉంటే నడుస్తుంది. పాస్‌పోర్టు వెంటే ఉంచుకోండి, రైలెక్కాలన్నా చూపించాలి. ఇంకొక సంగతి వెంటనే కనుక్కోండి. హోటల్లో కాకుండా ఇంట్లో దిగిన విదేశీయులు 24 గంటల్లోగా దగ్గరి పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. మీ అబ్బాయి చేయించే ఉంటాడు, చేయించకపోతే ఈ రోజే వెళ్లమనండి. బయటికెళ్తే చేతిసంచిలో టిష్యూ కాగితం, ఒక చిన్న నీళ్ల సీసా పెట్టుకోండి. పబ్లిక్ టాయిలెట్లు చాలాచోట్ల మన పద్ధతివే, కాని నీళ్ల మగ్గు ఉండదు.

అన్నీ మీకు నచ్చాలని నేను అనను. బస్సులో తోసుకోవడం, మొహం దగ్గర సిగరెట్ కాల్చడం, రోడ్డు మీద ఉమ్మడం నాకూ ఆరేళ్లలో నచ్చలేదు. మనూళ్లో నచ్చుతున్నాయా?

టికెట్ మార్చకండి. పిల్లలకు కూడా చెప్పండి, దాచకండి. మీరు పగలంతా ఏడుస్తూ కూర్చున్నారని తర్వాత తెలిస్తే వాళ్లకు ఇంకా బాధ. రేపు బజారుకెళ్లి యాపిల్ పళ్లు కొనండి, ఎనిమిది. వాళ్లు యాపిల్‌ను "పింగ్ గువో" అంటారు, శాంతి అనే మాట అందులో వినిపిస్తుందని కానుకకు ఇష్టపడతారు. బేరిపళ్లు, గొడుగు, తెల్ల కాగితంలో చుట్టినవి వద్దు. రెండు చేతులతో ఇవ్వండి. వద్దంటుంది, మూడోసారి తీసుకుంటుంది. గడియారం మాట ఎత్తి క్షమాపణ చెప్పాలని చూడకండి, ఆవిడ నాణెంతో ఆ లెక్క తీర్చేసింది. వచ్చేటప్పుడు "మాన్ జోవ్" అంటుంది. మెల్లగా నడవండి అని దాని అర్థం, మనం జాగ్రత్తగా వెళ్లి రండి అన్నట్టు. టీకి మళ్లీ పిలవండి.

రాత్రి ఏడు గంటలప్పుడు మీ అపార్ట్‌మెంట్ దగ్గరి ఖాళీ జాగాలో పాటలు వినిపిస్తున్నాయేమో చూడండి. చైనాలో చాలా ఊళ్లలో మన ఈడు ఆడవాళ్లు స్పీకరు పెట్టుకుని వరసలు కట్టి నాట్యం చేస్తారు. ఎవరినీ అడగక్కర్లేదు, వెనక వరసలో నిలబడితే చోటిస్తారు. మీ పక్కింటావిడ కూడా వెళ్తూ ఉండవచ్చు. తలుపు తట్టి, కిందికి చెయ్యి చూపించి, "దా జియె" అనండి. ఉప్పాడ చీరతోనే వెళ్లండి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని.